గురిబొమ్మ కోసం శివకాశి ప్రయాణం

యాత్రలంటే మనవాళ్ళకు మక్కువ ఎక్కువ. తిరుపతి, పళని, పండరిపురం, పూరీ — ఏదో ఒక మొక్కు పేరు చెప్పుకొని ఏడాదికొకసారి మూట కట్టని ఇల్లు ఉండదు. అటువంటి యాత్రల విశేషాలు ఈ పత్రికలో చాలా చదివాము. ఇప్పుడు మేము చెప్పబోయే ప్రయాణానికి మొక్కు లేదు, పుణ్యమూ లేదు. కాగితం మీద అచ్చువేసిన ఒక నల్లని మనిషిబొమ్మను వెదుక్కుంటూ చెన్నపట్నం వీధుల నుంచి శివకాశి దాకా పోయిన వైనం ఇది. దారిలో మన భాష వినిపించే ఊళ్ళు తగిలినవి గనుక పాఠకులకు విసుగు పుట్టదని నమ్మి వ్రాస్తున్నాము.

ముందు మా సంగతి. మేము పట్నంలో గుమాస్తా ఉద్యోగం చేసుకొనేవారము. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం మాది. ఆదివారం ఉదయం పూట ఒక చిన్న పిస్తోలు క్లబ్బుకు పోయి పోటీల లెక్కల పుస్తకం వ్రాస్తుంటాము. పిస్తోలు పట్టే అలవాటు మాకు లేదు. కలం పట్టే అలవాటు ఉన్నది. ఎవరి గుండు ఎక్కడ తగిలినదీ, ఎన్ని అంకెలు వచ్చినదీ తప్పు పోకుండా ఎక్కించడమే మా పని.

ఆ క్లబ్బులో 1968 నుంచి ఏటా సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక పోటీ జరుగుతుంది. దానిని అందరూ బొమ్మల పోటీ అంటారు. 25 మీటర్ల దూరాన నిలువెత్తు మనిషిబొమ్మలు అయిదింటిని వరుసగా నిలబెడతారు. మొదట అవి పక్కకు తిరిగి, అంచు మాత్రమే కనబడుతూ ఉంటాయి. గంట మోగగానే అయిదూ ఒక్కసారిగా మనవైపు తిరుగుతాయి. ఎనిమిది సెకండ్లలో బొమ్మకు ఒకటి చొప్పున అయిదు గుండ్లు కాల్చాలి. ఆ తరువాతి వరుసలకు గడువు ఆరు సెకండ్లు, ఇంకా తరువాత నాలుగే సెకండ్లు. మొత్తం 60 గుండ్లు, 600 అంకెలు. నాలుగు సెకండ్లలో అయిదు గుండ్లంటే, చూచేవాడు రెప్ప వేసి తీసేలోగా సగం పని అయిపోతుంది.

ఇది మా క్లబ్బువారు పుట్టించిన ఆట కాదు. ఒలింపిక్ పోటీలలోనూ ఇదే ఆట, ఇటువంటి బొమ్మల మీదనే చాలాకాలం సాగింది. హంగేరీ దేశపు సైనికుడు కారొలీ టకాచ్ కథ మా క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడికీ చెబుతారు. 1938లో చేతిబాంబు పేలి ఆయన కుడిచేయి పాడైంది. ఆయన ఎడమచేత్తో మళ్ళీ మొదటినుంచి నేర్చుకొని, 1948లో లండనులోనూ 1952లో హెల్సింకీలోనూ ఈ పోటీలో బంగారు పతకాలు గెలిచాడు. 1988 సియోల్ ఒలింపిక్స్ దాకా మనిషిబొమ్మే ఉండేది. ఆ మరుసటి ఏడు అంతర్జాతీయ నియమాలు మారి, బొమ్మ పోయి గుండ్రని నల్లచక్రం వచ్చింది. ఆ చక్రం అడ్డుకొలత 50 సెంటీమీటర్లు, నడుమ పదో వలయం 10 సెంటీమీటర్లు. 2012లో లండనులో మన విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చింది ఈ చక్రం ఆటలోనే.

మరి మా క్లబ్బులో బొమ్మ ఎలా నిలిచింది అంటే, పెద్దలు ముందుచూపుతో కొని దాచిన కట్టలు ఉండటం చేత. ఒక కాగితాన్ని ఒకసారి కాల్చి పారవేయరు. చిల్లు పడినచోట నల్లని చిన్న బిళ్ళ అంటించి మళ్ళీ నిలబెడతారు. ఇలా పొదుపుగా వాడుకుంటూ ఏడాదికొక్క పోటీ పెట్టుకుంటే కట్టలు ముప్పై ఏళ్ళ పైన వచ్చినవి. చివరకు ఒక ఏడు ఇనుపపెట్టె తెరిచి చూస్తే మిగిలినవి ఏడే కాగితాలు. వాటిలోనూ నాలుగింటికి గుండె మీద బిళ్ళమీద బిళ్ళ అంటించి అంటించి గీతలే కనిపించడం లేదు.

గీత కనిపించకపోతే ఏమవుతుందో లెక్కలు వ్రాసేవాళ్ళము గనుక మాకు బాగా తెలుసు. ఈ ఆటలో గుండు గీతను ముట్టుకుంటే చాలు, పై అంకె ఇవ్వాలి. ముట్టిందో లేదో కంటికి తేలనప్పుడు 5.6 మిల్లీమీటర్ల లావుగల ఉక్కుపుల్లను చిల్లులో దించి, భూతద్దం పెట్టి చూస్తాము. తొమ్మిదికీ పదికీ మధ్య ఉండేది వెంట్రుకవాసి. అక్కడ గీతే లేకపోతే తీర్పు చెప్పేవాడి మాటే లెక్క. మాటతో నడిచే లెక్క ఎక్కడైనా తగవుతోనే ముగుస్తుంది.

కమిటీ కూర్చున్నది. గుండ్రని చక్రం పెట్టి పోటీ కొనసాగిద్దామన్నారు కొందరు. పోటీయే మానుకుందాము, ఈ కాలపు పిల్లలకు ఇది ఎవరికి కావాలన్నారు ఇంకొందరు. రెండు మాటలలోనూ సబబు ఉన్నది. ఈనాడు పెద్ద పోటీలలో కాగితమే కరువు. గుండు ఎక్కడ తగిలినదీ ఎలక్ట్రానిక్ యంత్రమే పసిగట్టి తెరమీద అంకె చూపిస్తుంది. కాగితం నిలిచి ఉన్నది చిన్న క్లబ్బులలోనే. అందులోనూ ఎక్కువ అమ్ముడయ్యేవి గాలి పిస్తోలుకు వాడే 17 సెంటీమీటర్ల చదరపు అట్టలు. మన దేశంలో 4.5 మిల్లీమీటర్ల గొట్టంతో, 20 జౌళ్ళ శక్తికి లోపల ఉండే గాలి ఆయుధాలకు లైసెన్సు అక్కరలేదు. అందువల్ల పిల్లలందరూ అక్కడే మొదలుపెడతారు. 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కంచు పతకాలు తెచ్చినప్పటి నుంచి మా క్లబ్బు ముంగిట కూడా తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని నిలబడుతున్నారు. ఎవరూ కాల్చని పాత బొమ్మను ఏ అచ్చువాడు వేసి అమ్ముతాడు?

అప్పుడు మా క్లబ్బు పెద్దాయన లేచారు. వయస్సు 84. రైల్వేలో పనిచేసి విరమించినవారు. గోడమీద నల్లబల్లపై తెల్లరంగుతో వ్రాసిన గెలుపుల పట్టికలో 1974కు ఎదురుగా ఉన్న 571 ఆయనదే. ఇంతవరకు దానిని దాటినవారు లేరు. ఆయన అన్న మాట ఇది.

“నా అంకె నిలవాలని నేను అడగడం లేదు. అది పోవాలి. ఇన్నేళ్ళు ఉండటమే తప్పు. కాని పోయేదేదో అదే కొలతమీద పోవాలి. సేరు మార్చి బియ్యం ఎక్కువ పోశానంటే ఎవరు ఒప్పుకుంటారు? నన్ను ఓడించేవాడికి నేను చేయవలసిన మర్యాద ఒకటి ఉన్నది. ఆ బొమ్మ తెచ్చి వాడి ముందు నిలబెట్టడం.”

ఇక ఎవరూ మాట్లాడలేదు. బొమ్మ దొరికితే పోటీ, దొరకకపోతే పట్టిక కింద గీత గీసి ముగించడం అని తీర్మానమైంది. వెదికే పని పెద్దాయనకూ మాకూ అప్పజెప్పారు.

ముందుగా క్రీడాసామగ్రి అంగళ్ళు తిరిగాము. ఒకచోట గాలి పిస్తోలు అట్టలు చూపించారు, మరొకచోట పోలీసు శిక్షణకు వాడే వేరొక రకం బొమ్మ చూపించారు. ఒక అంగడివాడు ప్లాస్టిక్ ఫ్లెక్స్‌మీద వేసి ఇస్తానన్నాడు. పెద్దాయన నవ్వి, “గుండు పోయిన తరువాత అది రబ్బరులాగా మూసుకొంటుందయ్యా, చిల్లు ఎక్కడని వెదకను?” అన్నారు. సినిమా కటౌట్లు గీసి పేరు పొందిన ఊరు గదా అని చేతితో గీసే చిత్రకారుని కూడా అడిగాము. గీత చక్కగా ఉన్నది గాని రెండు బొమ్మలు ఒక్కతీరుగా రాలేదు. పోటీకి అది పనికిరాదు.

చివరకు చేరవలసిన చోటికే చేరాము, అనగా జార్జిటౌనుకు. పట్నం బయట ఉన్న పాఠకులకు ఈ పేట గురించి రెండు మాటలు చెప్పాలి. పారిస్ కార్నర్ నుంచి లోపలికి పోతే ముత్యాలపేట, పెద్దనాయకన్ పేట. వీధుల పేర్లు చదువుకుంటూ నడిస్తే పాత చిట్టా విప్పినట్టు ఉంటుంది: లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, నైనియప్ప నాయకన్ వీధి. కొత్వాల్ చావడిలో మన కోమట్ల కన్యకాపరమేశ్వరి దేవస్థానం. ఆ కూరగాయల బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయినా గుడి గుడిగానే ఉన్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రికను 1914లో పట్నానికి తెచ్చి దినపత్రిక చేసినది ఈ తంబుచెట్టి వీధిలోనే. 1854లో పుట్టిన వావిళ్ళవారి ముద్రణాలయం కూడా ఈ పట్నానిదే. మన తాతలు చదివిన భారతమూ రామాయణమూ చాలావరకు ఈ పట్నంలో అచ్చై, గూడ్సు బండెక్కి ఊళ్ళు చేరినవే.

ఇప్పుడు ఆండర్సన్ వీధి కాగితం వ్యాపారులకూ శుభలేఖలకూ పెట్టింది పేరు. వీధి ఇరుకు, తలమీద కాగితపు రీములు పెట్టుకొని కూలీలు “వళి, వళి” అని కేకవేస్తూ పోతుంటే మనిషి గోడకు అతుక్కొని నిలబడవలసిందే. అక్కడ ఒక వృద్ధ వ్యాపారి మా పాత బొమ్మను వెలుతురుకు ఎత్తి చూచి, వ్రేలితో చిల్లు అంచు తడిమి, కొసను నాలుకతో కొంచెం తడిపి చూచాడు. “బొమ్మ సంగతి తరువాత. ముందు కాగితం తేల్చుకోండి” అన్నాడు. నాలుగు రకాలు చుట్టి ఇచ్చాడు.

ఆ ఆదివారం క్లబ్బులో నాలుగింటినీ కాల్చి చూశాము. నున్నని ఆర్టు కార్డు ఎండకు తళతళమని గురిచూచేవాని కన్ను చెదరగొట్టింది. పైగా గుండు తగిలిన చోట నక్షత్రంలాగా చీలింది. పలుచని న్యూసుప్రింటు చిరిగి నోరు తెరిచింది. నోటుపుస్తకాలకు వాడే మాప్‌లిథో కాగితంలో చిల్లు అంచులు వెనక్కి మడిచి కొలతపుల్లకు అడ్డం పడినవి. మందపాటి పల్ప్ బోర్డు ఒక్కటే పంచి మిషనుతో గుచ్చినట్టు శుభ్రంగా గుండ్రని చిల్లు ఇచ్చింది. పాత బొమ్మలు కూడా దాదాపు ఆ జాతివే అని అప్పుడు తెలిసింది. కాగితం తేలింది. వ్యాపారి ఫోనులో ఆ మాట విని, “ఇక్కడివాళ్ళు మీ అయిదువందల కాగితాలకు మిషను ఆపరు. శివకాశికి పొండి. అక్కడ అగ్గిపెట్టె చీటీ కూడా పెద్ద పనే” అన్నాడు.

ఎగ్మూరులో రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. పెద్దాయన బొమ్మను నాలుగు మడతలు పెట్టనివ్వక, గొట్టంలాగా చుట్టి, పసిపిల్లను పొదివి పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. ఎదుటి బెర్తు ఆవిడ, “పెళ్ళికొడుకు జాతకమా?” అని అడిగింది. మదురై దాటి విరుదునగరంలో బండి పడమటికి తిరిగేసరికి తెల్లవారింది. రెండువైపులా ఎర్రమన్నూ నల్లమన్నూ కలిసిన మెట్ట. తుమ్మచెట్లు, అక్కడక్కడ తాళ్ళు. ఆకాశం మచ్చలేకుండా ఉన్నది.

ఆ మచ్చలేని ఆకాశమే శివకాశికి అన్నం పెట్టింది. వానలు తక్కువ, గాలిలో తడి తక్కువ. పైరుకు చేటైనదే అగ్గిపుల్లకు మేలైంది. ఈ ఊరి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు 1922లో కలకత్తాకు పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చి, 1923లో ఇక్కడ మొదలుపెట్టారు. అగ్గిపెట్టె తరువాత టపాకాయ. రెండింటికీ పైన అంటించే రంగుల చీటీ కావాలి. ఆ చీటీల కోసం అచ్చుయంత్రాలు వచ్చినవి. చీటీలు వేసిన చేతులే కేలండర్లు, డైరీలు, నోటుపుస్తకాలు వేయడం నేర్చుకున్నవి. మన ఇంటి గోడమీది లక్ష్మీదేవి ఎక్కువగా ఇక్కడినుంచి బయలుదేరినదే. కుట్టి జపాన్ అన్న ముద్దుపేరు ఊరికే రాలేదు. ఊరు 2021లో నగరపాలక సంస్థ కూడా అయింది. కాశీ నుంచి శివలింగాన్ని తెస్తున్న పాండ్యరాజు హరికేసరి పరాక్రముని ఆవు ఇక్కడ కదలక నిలిచిపోతే లింగాన్ని ఇక్కడే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఊరి పేరు అందువల్ల వచ్చిందంటారు.

వ్యాపారి చెప్పిన అచ్చాఫీసు ఒక సందు చివర. యజమాని తమిళుడు, మర్యాదస్థుడు. బొమ్మ విప్పి బల్లమీద పరచగానే ముందుగా, “ఇది దేనికి? క్లబ్బువారి ఉత్తరం ఉన్నదా?” అని అడిగాడు. ఉన్నది, ముద్రవేసిన కాగితం చూపించాము. చదువుకొని నవ్వి, మేస్త్రీని పిలిచాడు.

అసలు చిక్కు అక్కడ బయటపడింది. మా బొమ్మ నిలువు 160 సెంటీమీటర్లు, అడ్డం 45. ఆ ఆఫీసులో ఉన్న పెద్ద మిషను పట్టే కాగితం 28 అంగుళాలు, 40 అంగుళాలు. అనగా 71 సెంటీమీటర్లు, 102 సెంటీమీటర్లు. మనిషి అందులో పట్టడు. రెండు ముక్కలుగా వేసి అతికితే అతుకు గుండె దగ్గర పడుతుందేమోనని పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. మేస్త్రీ మాత్రం ఏమీ అనకుండా బొమ్మ మీదకు వంగి, బిళ్ళలు ఎక్కడెక్కడ అంటించి ఉన్నవో వ్రేలితో లెక్కపెట్టాడు. నడుముకు పైన లెక్కలేనన్ని. మోకాళ్ళ దగ్గర రెండు.

“మీవాళ్ళు కాళ్ళమీద కాల్చరు గదా,” అన్నాడు. “కాళ్ళు ఒకసారి వేసి చెక్కకు శాశ్వతంగా అంటించుకోండి. నడుము దాకా ఉన్న పై ముక్క మాత్రం మారుస్తూ ఉండండి. 71 ఎత్తు చాలు. అడ్డంగా 45, 45 తొంభై. ఒక్క కాగితంలో ఇద్దరు మనుషులు పడతారు.”

ముప్పై ఏళ్ళు ఆ బొమ్మను కాల్చినవారికీ, కాల్చినది వ్రాసినవారికీ తోచని ఉపాయం, పది నిమిషాలు చూచిన మేస్త్రీకి తోచింది. ఖర్చు సగానికి సగం తగ్గింది. నమూనా మరునాడు సాయంత్రం ఇస్తామన్నారు.

చేతిలో ఒక రోజు ఉన్నది. ఇరవై కిలోమీటర్ల దూరంలో శ్రీవిల్లిపుత్తూరు. అక్కడికి పోకుండా తిరిగి వస్తే ఇంట్లో ముఖం చూపించలేము. ఆండాళ్ పుట్టిన ఊరు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో పాడుకున్న విల్లిపుత్తూరు ఇదే. పదకొండు అంతస్తుల గోపురం బస్సు దిగకముందే కనబడుతుంది. ఊళ్ళో మదురై తిరుమల నాయకుని మహలు ఒకటి ఉన్నది. దర్శనం చేసుకొని, పాలకోవా పొట్లాలు కట్టించుకొని, మరొక బస్సులో పన్నెండు కిలోమీటర్లు పోయి రాజపాళయం చేరాము. పెద్దాయనతో రైల్వేలో పనిచేసిన మిత్రులు ఒకరు అక్కడ ఉన్నారు.

రాజపాళయం రాజులు విజయనగర కాలపు వలసలలో దక్షిణానికి వచ్చి నిలిచినవారు. పడమటి కనుమల నీడలో మిల్లులు కట్టి, ఊరిని ఊరుగా చేశారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించి, 1954 నుంచి 1956 దాకా ఒరిస్సా గవర్నరుగా ఉన్న పి. ఎస్. కుమారస్వామి రాజా గారు ఈ ఊరివారే. సొంత ఇంటిని గాంధీ కళామందిరం కోసం ఇచ్చివేసిన మనిషి. బరంపురం పాఠకులకూ మా పట్నం పాఠకులకూ ఆయన ఉమ్మడి ఆస్తి.

మిత్రుల ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఉత్తరం వ్రాసేది తమిళ లిపిలో. “రండన్నా, కూర్చోండి” అని ఆయన అంటే ఆ యాస మాకు మొదట కొత్తగా వినిపించి, అన్నాలవేళకు సొంతమైపోయింది. వంటింట్లో కోడలు బియ్యం కొలుస్తూ ఉండగా చూశాము. బియ్యం వచ్చింది కిలోల సంచిలో. కొలిచింది మాత్రం నడుము సొట్టపడిన ఇత్తడి సోలతో. సోల నాయనమ్మగారిదట. ఎందుకమ్మా ఇంకా అని పెద్దాయన అడిగారు.

“ఎసరు లెక్క దీనితోనే తెలుసు మామయ్యా,” అన్నది ఆమె. “అత్తమ్మ సోలకు ఇన్ని నీళ్ళు అని చెప్పి నేర్పింది. సోల మారిస్తే ఆమె చెప్పింది నాకేమీ మిగలదు.”

పెద్దాయన ఏమీ అనలేదు. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నారు.

మరునాడు సాయంత్రం అచ్చాఫీసులో నమూనా సిద్ధంగా ఉన్నది. చూడటానికి అచ్చంగా మా బొమ్మే. పెద్దాయన సంతోషంతో చేయి చాచారు గాని, మేస్త్రీ ఆ చేతికి ఉక్కుస్కేలు అందించి, “కొలిచి ఒప్పుకోండి” అన్నాడు. కొలిస్తే భుజాల దగ్గర అడ్డం రెండు మిల్లీమీటర్లు తక్కువ. పాత కాగితాన్ని స్కానుతో కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు తగ్గిందా, లేక పాత కాగితమే ఇన్నేళ్ళ గాలి తేమకు సాగి మళ్ళీ కుంచించుకున్నదా? కాగితానికి కూడా నారు ఉంటుందనీ, తేమ తగిలితే నారుకు అడ్డంగానే ఎక్కువ సాగుతుందనీ మేస్త్రీ చెప్పాడు. అయితే ఏ కాగితాన్ని నమ్మాలి?

ఇక్కడ పెద్దాయన జోలెలోంచి ఒక పాత రైల్వే నోటుపుస్తకం తీశారు. క్లబ్బుకు కొత్త కట్టలు వచ్చినప్పుడల్లా ఒక కాగితం విప్పి, తల, భుజం, నడుము, ఒక్కొక్క అంకె గడి అడ్డం, నిలువు కొలిచి ఆ పుస్తకంలో వ్రాసుకున్నారట. కట్టలు మూడు, కొలతలు మూడు సార్లు. మూడూ సరిపోయినవి. యంత్రంతో తీసిన నకలును పక్కన పెట్టి, ఆ అంకెలను బట్టి బొమ్మను కంప్యూటరుమీద మొదటినుంచి మళ్ళీ గీశారు. రాత్రి తొమ్మిదింటికి రెండో నమూనా వచ్చింది. ఈసారి పెద్దాయన తలవద్దా, మేము నడుమువద్దా పట్టుకొని కొలిచాము. వెంట్రుకవాసి తేడా లేదు. తళతళలాడని సిరాతో, పల్ప్ బోర్డుమీద, 500 కాగితాలు; కాగితానికి ఇద్దరు చొప్పున వెయ్యి మంది. పనివాళ్ళు మిషను తిప్పుతుంటే వెయ్యిమంది నల్లవాళ్ళు ఒకరిమీద ఒకరు వాలి పడుకుంటున్నారు. కాళ్ళు వేరే కాగితంమీద వేయించి ముప్పై జతలు కట్టించాము.

కట్టలు లారీలో పట్నం చేరిన పదిహేను రోజులకు పోటీ జరిగింది. పదునాలుగురు కాల్చారు. కొత్త కాగితంమీద గీత గీతగా కనిపిస్తుంటే తగవు ఒక్కటి కూడా రాలేదని లెక్కలు వ్రాసినవాళ్ళముగా చెప్పగలము. కాలేజీలో చదివే ఒక అమ్మాయి 563 తెచ్చి మొదట నిలిచింది. ఎనిమిది సెకండ్ల వరుసలలో ఒక్క అంకె పోనివ్వలేదు. నాలుగు సెకండ్ల దగ్గర చేయి తొందరపడింది. పెద్దాయన ఆమెను దగ్గరకు పిలిచి, “ఆఖరి బొమ్మ దగ్గర నీ భుజం ఆగడం లేదమ్మా, కాళ్ళను కొంచెం ఎడమకు తిప్పి నిలబడు” అని చెప్పారు. తన అంకెను దాటే మార్గం తానే చెప్పిపెట్టారన్నమాట. ఆ అమ్మాయి మరుసటి ఆదివారం నుంచి ఆ ప్రకారమే నిలబడుతున్నది.

ఇప్పుడు బొమ్మలను ఇనుపపెట్టెలో వేపాకు వేసి, చుట్టకుండా బల్లపరుపుగా పరచి ఉంచాము. పెద్దాయన నోటుపుస్తకంలోని కొలతల పుటను నాలుగు నకళ్ళు తీసి, ఒకటి క్లబ్బులోనూ, ఒకటి శివకాశి మేస్త్రీ దగ్గరా, ఒకటి కార్యదర్శిగారి ఇంట్లోనూ, ఒకటి మా లెక్కల పుస్తకంలోనూ పెట్టాము. కాగితం ఎప్పటికైనా అయిపోతుంది. కొలత ఉంటే మళ్ళీ వేయించుకోవచ్చు.

చివరగా ఒక మనవి. బెంగుళూరు, కోయంబత్తూరు, పూనా, కటకం వైపు మన కుటుంబాలలో పాతకాలపు గురికాల్పు క్లబ్బులతో సంబంధం ఉన్నవారు ఎవరైనా ఉంటే, మీ తండ్రులో తాతలో దాచిన ఇటువంటి కాగితాలు అటకమీద ఉన్నవేమో చూడండి. మాకు పంపనక్కరలేదు. చుట్టచుట్టి దారంతో బిగించి ఉంటే విప్పి, ఒకసారి స్కేలు పెట్టి కొలిచి, ఆ అంకెలను ఒక కార్డుమీద వ్రాసి ఈ పత్రిక కార్యాలయానికి పంపితే చాలు. మా నోటుపుస్తకంలో మూడు వరుసలు ఉన్నవి; నాలుగో వరుసకు చోటు ఖాళీగా ఉన్నది.